పాత కంప్యూటర్, కొత్త ఆటలు: ఏది మారిస్తే సాఫీగా నడుస్తుంది?

ప్రశ్న: నా కంప్యూటర్‌లో ఇంటెల్ ఐ5-6500, 8 జీబీ ర్యామ్ (ఒకే స్టిక్), జీటీఎక్స్ 1050 టీఐ 4 జీబీ కార్డు, 1 టీబీ హార్డ్ డిస్క్, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే డబ్బా) ఉన్నాయి. కొత్త ఆటలు అన్ని సెట్టింగ్స్ తగ్గించినా ఆగి ఆగి నడుస్తున్నాయి. గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి మారిస్తే చాలా? ఇదే బోర్డులో ఎనిమిదో తరం ప్రాసెసర్ పడుతుందా?

జవాబు: పడదు. మీది ఆరో తరం. ఆరు, ఏడు తరాలకూ ఎనిమిది, తొమ్మిది తరాలకూ సాకెట్ పేరు ఒక్కటే, ఎల్‌జీఏ 1151. అయినా ఎనిమిది, తొమ్మిది తరాలకు 300 సిరీస్ బోర్డులు కావాలి. చూడటానికి అన్నీ ఒకేలా ఉండటంతో చాలామంది ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటారు.

ఇక అసలు సంగతి. మీరు రాసిన లక్షణం ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెర మీదికి వచ్చే ఫ్రేమ్‌ల సంఖ్య) తక్కువ రావడం కాదు, ఆగి ఆగి నడవడం. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు. ఎఫ్‌పీఎస్ మొదటి నుంచీ తక్కువగా ఉంటే చాలావరకు గ్రాఫిక్స్ కార్డే కారణం. బాగానే నడుస్తూ ఉన్నట్టుండి బిగుసుకుపోతుంటే ముందు ర్యామ్‌ను, డిస్క్‌ను, ప్రాసెసర్‌ను అనుమానించాలి. ఏదీ కొనకముందు ఒక గంట పరీక్షకు కేటాయించండి.

ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్, దాంతోపాటే వచ్చే రివాట్యూనర్ రెండూ వేసుకోండి. ఆట ఆడుతుండగా తెర మూలన జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు చిప్) వాడకం, ఒక్కో కోర్ వాడకం విడివిడిగా, ర్యామ్, వీర్యామ్ (కార్డు సొంత మెమరీ), ఫ్రేమ్ టైమ్ (ఒక్కో ఫ్రేమ్‌కు పట్టే సమయం) గ్రాఫ్ కనిపించేలా పెట్టండి. ప్రాసెసర్ మొత్తం వాడకం ఒక్కటే చూస్తే మోసపోతారు. నాలుగు కోర్లలో ఒకటి నిండిపోయి మిగతావి ఖాళీగా ఉంటే మొత్తం అంకె తక్కువే చూపిస్తుంది, ఆట మాత్రం ఆ ఒక్క కోర్ దగ్గరే ఆగిపోతుంది. ఫ్రేమ్ టైమ్ విషయానికొస్తే, 60 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేమ్‌కు 16.7 మిల్లీసెకన్లు. గీత నిలకడగా సాగితే 45 ఎఫ్‌పీఎస్ కూడా కంటికి ఇబ్బంది కాదు. మధ్యలో ఒక్క ఫ్రేమ్ 80 మిల్లీసెకన్లకు ఎగిరినా, సగటు 60 అని చూపిస్తున్నా, చేతికి తెలిసిపోతుంది.

తర్వాత వీ-సింక్ (ఎఫ్‌పీఎస్‌ను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్), ఎఫ్‌పీఎస్ పరిమితి రెండూ తీసేసి, రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి దించండి. ఎఫ్‌పీఎస్ గట్టిగా పెరిగితే అడ్డు గ్రాఫిక్స్ కార్డు. కదలకపోతే అడ్డు ప్రాసెసర్. జీపీయూ వాడకం ఎప్పుడూ 95 శాతం పైనే ఉంటే కార్డు తన శక్తంతా పెడుతోందని అర్థం. 60 దగ్గర ఊగుతూ నాలుగు కోర్లూ నిండి ఉంటే కొత్త కార్డు తెచ్చినా ఆ 60 కాస్తా 30 అవుతుంది, ఎఫ్‌పీఎస్ మాత్రం అక్కడే ఉంటుంది.

మీ భాగాలు చూస్తే మొదటి దోషి ర్యామ్. విండోస్, బ్రౌజర్ కలిసే 3, 4 జీబీ తింటాయి. మిగిలింది చాలక విండోస్ హార్డ్ డిస్క్ మీదికి సరుకు దించుతుంది, మళ్లీ ఎక్కిస్తుంది. ఆ బిగుసుకుపోవడం చాలావరకు అదే. టాస్క్ మేనేజర్‌లో అదే సమయానికి డిస్క్ 100 శాతం చూపిస్తే ఇక సందేహం అక్కర్లేదు. రెండు స్లాట్ల బోర్డయితే 8 జీబీ స్టిక్ ఇంకొకటి వేయండి. రెండు స్టిక్‌లు ఉంటే డ్యూయల్ ఛానెల్ వస్తుంది: డీడీఆర్4-2133 ఒక్క స్టిక్‌తో సెకనుకు 17 జీబీ వరకు, రెండింటితో 34 జీబీ వరకు. 3200 వేగం స్టిక్ కొన్నా మీ ప్రాసెసర్ దగ్గర 2133కే నడుస్తుంది, నష్టం లేదు. కొనే ముందు సీపీయూ-జెడ్ అనే టూల్‌లో మెమరీ ట్యాబ్ చూడండి. ఆ తరం బోర్డుల్లో కొన్ని డీడీఆర్3ఎల్ తీసుకునేవి కూడా వచ్చాయి, వాటిలో డీడీఆర్4 స్లాట్‌లోకి దిగనే దిగదు.

రెండోది ఎస్‌ఎస్‌డీ. ఇది ఎఫ్‌పీఎస్ పెంచదు. లోడింగ్ సమయం తగ్గిస్తుంది, పెద్ద మైదానాల్లో పరిగెడుతున్నప్పుడు టెక్స్‌చర్లు (వస్తువుల మీది బొమ్మలు) ఆలస్యంగా రావడాన్ని, ఆ క్షణం ఆట ఆగడాన్ని తగ్గిస్తుంది. సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ దాకా ఇస్తుంది, పాత హార్డ్ డిస్క్ 150 దాటడం కష్టం. ఆటలకు సాటాకూ, ఎం.2 స్లాట్‌లో పెట్టే వేగవంతమైన ఎన్‌వీఎంఈకీ మధ్య తేడా, హార్డ్ డిస్క్‌కూ సాటాకూ మధ్య ఉన్నంత కనబడదు. బోర్డులో ఎం.2 స్లాట్ లేకపోతే బాధపడక్కర్లేదు.

ఈ రెండూ అయ్యాక మళ్లీ కొలవండి. ఆ తర్వాతే కార్డు. 8 జీబీ వీర్యామ్‌కు తక్కువ తీసుకోకండి. ఆర్‌ఎక్స్ 6600 అయితే 132 వాట్లు, సాధారణంగా ఒకే 8 పిన్ తీగ. మీ 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పేరున్న కంపెనీది, పదేళ్ల పాతది కాకపోతే సరిపోతుంది. ప్రాసెసర్‌లో మీ బోర్డుకు ఆఖరి మెట్టు ఐ7-7700: నాలుగు కోర్లే, కానీ ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు). అది పెట్టే ముందు, పాత ప్రాసెసర్ ఉండగానే, ఏడో తరానికి కావలసిన బయోస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) ఎక్కించాలి. వాడినది చవకగా దొరికితేనే తీసుకోండి. కొత్త ప్రాసెసర్, బోర్డు కలిపి కొనే ఖర్చులో సగం దాటితే వద్దు.

ప్రశ్న: 170 వాట్ల కార్డు పెట్టాను. డెస్క్‌టాప్ మీద ఎంతసేపైనా బాగుంటుంది. ఆట మొదలైన కాసేపటికి కంప్యూటర్ దానంతట అదే రీస్టార్ట్ అవుతోంది. ఎస్‌ఎంపీఎస్ మీద 500 వాట్లు అని ఉంది. అందులో 8 పిన్ తీగ లేకపోతే సాటా నుంచి మార్చే అడాప్టర్ వాడాను.

జవాబు: ముందు ఆ అడాప్టర్ ఇవాళే తీసేయండి. సాటా పవర్ కనెక్టర్ 12 వోల్టుల మీద 54 వాట్లకు మించి ఇవ్వడానికి తయారైంది కాదు. 8 పిన్ అడిగేది 150 వాట్ల దాకా. ఆ ప్లాస్టిక్ కరుగుతుంది, అంటుకోవడమూ ఉంది.

ఎస్‌ఎంపీఎస్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న అంకె కాదు, పక్కనున్న పట్టికలో +12 వోల్టుల గడి చూడండి. అక్కడ 25 ఆంపియర్లు అని ఉంటే 12తో గుణించండి: 300 వాట్లు. ప్రాసెసర్, కార్డు రెండూ బతికేది దాని మీదే. 500 అని రాసి 12 వోల్టుల దగ్గర 300 మాత్రమే ఇచ్చేవి పాతవాటిలో చాలా కనిపిస్తాయి. పైగా 170 అనేది కార్డు సగటు వాడకం. మిల్లీసెకన్ల పాటు అంతకు చాలా ఎక్కువ లాగుతుంది. అప్పుడు ఎస్‌ఎంపీఎస్ తనను కాపాడుకోవడానికి కట్ అవుతుంది, మీకది రీస్టార్ట్‌లా కనిపిస్తుంది.

నిర్ధారించుకోవాలంటే, సరైన 8 పిన్ తీగ ఉన్న వేరే ఎస్‌ఎంపీఎస్ ఎవరి దగ్గరైనా అడిగి ఒక గంట పెట్టి చూడండి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని వస్తే అది కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందనే చెబుతుంది, ఎందుకో చెప్పదు. దాని మీద ఆధారపడకండి. కొత్తది 550 నుంచి 650 వాట్లు, కార్డుకు తీగలు తన సొంతంగా ఉన్నది తీసుకోండి. 80 ప్లస్ ముద్ర కరెంటు ఎంత వృథా అవుతుందో చెప్పేది మాత్రమే, లోపలి నాణ్యతకు హామీ కాదు.

ఇంకొక్క జాగ్రత్త. తీగలు ఊడదీసే రకం ఎస్‌ఎంపీఎస్ కొంటే పాతదాని తీగలు కొత్తదానికి పెట్టకండి, ఒకే కంపెనీవైనా సరే. కార్డు వైపు పిన్‌లకు ప్రమాణం ఉంది, ఎస్‌ఎంపీఎస్ వైపు లేదు. 5 వోల్టులు రావాల్సిన చోట 12 వస్తే ఎస్‌ఎస్‌డీ, హార్డ్ డిస్క్ ఒకేసారి పోతాయి.

ప్రశ్న: ఐ5-4590, హెచ్81 బోర్డు. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ కొన్నాను. వీడియోల్లో చూపించే ఎఫ్‌పీఎస్‌కు దరిదాపుల్లో కూడా రావడం లేదు. కార్డు లోపమా?

జవాబు: లోపం కాదు, జత కుదరలేదు. ఆ కార్డుకు పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్లు (బోర్డుతో డేటా మార్చుకునే దారులు) నాలుగే. కొత్త బోర్డులో అవి 4.0 వేగంతో సెకనుకు దాదాపు 8 జీబీ మోస్తాయి, 3.0 బోర్డులో 4 జీబీ. హెచ్81 బోర్డు స్లాట్ 2.0 మాత్రమే, అంటే దాదాపు 2 జీబీ. కార్డులో ఉన్న 4 జీబీ నిండిపోగానే మిగతా టెక్స్‌చర్లు మామూలు ర్యామ్ నుంచి ఈ ఇరుకు దారి గుండా రావాలి. వీడియోలు తీసేవాళ్ల బోర్డులు 4.0వి.

వెనక్కి తీసుకుంటే ఇచ్చేసి పదహారు లేన్లూ ఉన్న కార్డు తీసుకోండి: జీటీఎక్స్ 1660 సూపర్, ఆర్‌టీఎక్స్ 2060, ఆర్‌టీఎక్స్ 3060 అలాంటివే. తీసుకోకపోతే టెక్స్‌చర్ సెట్టింగ్ ఒక్కటి దించి వీర్యామ్ 3.5 జీబీ దాటకుండా చూడండి. తేడా మీకే తెలుస్తుంది. ఇంటెల్ ఆర్క్ కార్డుల జోలికి మాత్రం ఈ బోర్డుతో వెళ్లకండి. వాటికి రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీని మొత్తం ఒకేసారి అందుకునే సదుపాయం) తప్పనిసరి లాంటిది, అది లేకపోతే చాలా నీరసిస్తాయి. మీ తరం బోర్డులకు ఆ సదుపాయం కంపెనీ ఇచ్చింది కాదు.

ప్రశ్న: రైజెన్ 5 1600, బీ450 బోర్డు, 3200 వేగం ర్యామ్ 16 జీబీ, ఆర్‌టీఎక్స్ 3060. బోర్డు మార్చకుండా ప్రాసెసర్ మార్చవచ్చా? ఎలా?

జవాబు: ఈసారి వచ్చిన ఉత్తరాల్లో అదృష్టవంతులు మీరే. ఏఎం4 సాకెట్ రైజెన్ మొదటి తరం నుంచి 5000 సిరీస్ దాకా నడిచింది. రైజెన్ 5 5600 పెడితే కోర్లు అవే ఆరు, థ్రెడ్లు అవే పన్నెండు, కానీ ఒక్కో కోర్ పని ఎంతో వేగం. ఆటలకే అయితే, బడ్జెట్ ఉంటే, 5700 ఎక్స్‌3డీ ఇంకా మెరుగు. దానికి 96 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగవంతమైన మెమరీ) ఉంది, ఫ్రేమ్ టైమ్ గీతను నిలకడగా ఉంచేది అదే. 5600జీని 5600 అనుకుని కొనకండి. దానికి క్యాష్ సగమే, 16 ఎంబీ. కార్డు స్లాట్ కూడా 3.0కే పరిమితం.

పని వరస ముఖ్యం. సీపీయూ-జెడ్‌లో బోర్డు పేరు, రివిజన్ రాసుకోండి. కంపెనీ సైట్‌లో ఆ బోర్డు ప్రాసెసర్ల పట్టికలో మీరు కొనేదానికి ఏ బయోస్ కావాలో ఉంటుంది. మధ్యలో ఏదైనా మెట్టు ఎక్కాకే ఆఖరిది ఎక్కించాలని రాసి ఉంటే దాటేయకండి. విండోస్ డ్రైవ్‌కు బిట్‌లాకర్ (డ్రైవ్‌కు తాళం వేసే సదుపాయం) ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. ప్రాసెసర్ మారగానే అది అడుగుతుంది, అప్పుడు వెతికితే దొరకదు. బయోస్ ఫైలును ఎఫ్‌ఏటీ32 పెన్‌డ్రైవ్‌లో వేసి, పాత ప్రాసెసర్ ఉండగానే, బయోస్ లోపలి టూల్‌తోనే ఎక్కించండి. మధ్యలో కరెంటు పోకూడదు, యూపీఎస్ ఉంటే దాని మీద పెట్టండి. కొన్ని బోర్డుల్లో కొత్త బయోస్ ఎక్కాక పాత ప్రాసెసర్లకు చోటుండదు, వెనక్కి దిగడమూ కుదరదు. కాబట్టి కొత్త ప్రాసెసర్ చేతికొచ్చాకే మొదలుపెట్టండి.

కూలర్ తీయడం దగ్గర ఎక్కువ నష్టం జరుగుతుంది. ఏఎం4లో పిన్‌లు ప్రాసెసర్‌కే ఉంటాయి, సాకెట్ పట్టు అంత గట్టిది కాదు. వేడిని కూలర్‌కు చేర్చే పేస్ట్ ఎండిపోయి ఉండగా కూలర్‌ను నిటారుగా లాగితే ప్రాసెసర్ దానికి అతుక్కునే ఊడి వస్తుంది, పిన్‌లు వంగుతాయి. పది నిమిషాలు ఆట నడిపి వేడెక్కించండి. ఆపి, ప్లగ్గు తీసి, స్క్రూలు వదులు చేసి, కూలర్‌ను కుడికీ ఎడమకూ నెమ్మదిగా తిప్పుతూ అప్పుడు ఎత్తండి. కొత్తదానికి బఠానీ గింజంత పేస్ట్ మధ్యలో చాలు. 5600కు మీ పాత కూలర్ సరిపోతుంది. ఎక్స్‌3డీకి మాత్రం టవర్ కూలర్ విడిగా కొనాలి, పెట్టెలో రాదు.

మొదటిసారి ఆన్ చేయగానే ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోని భద్రతా కీల నిల్వ) రీసెట్ చేయాలా అని అడుగుతుంది. బిట్‌లాకర్ కీ దగ్గరుంటే వై నొక్కండి. తర్వాత బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయండి. బయోస్ మారినప్పుడల్లా అది ఆఫ్ అయి ర్యామ్ 2133 దగ్గరికి పడిపోతుంది. నాలుగు స్లాట్లుంటే స్టిక్‌లు ప్రాసెసర్ వైపు నుంచి రెండు, నాలుగు స్లాట్లలో ఉండాలి.

ప్రశ్న: ఆఫీసు వాళ్లు అమ్మేసిన సన్నటి క్యాబినెట్ కంప్యూటర్ ఉంది. దీనికి ఏ కార్డు?

జవాబు: ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ, లో ప్రొఫైల్ మోడల్. 70 వాట్లు, వేరే తీగ అక్కర్లేదు. 3050లో 8 జీబీది పొరపాటున తేకండి, అది 130 వాట్లు. పొట్టి బ్రాకెట్ పెట్టెలో ఉందో లేదో చూసి తీసుకోండి. కార్డు రెండు స్లాట్ల మందం ఉంటుంది కాబట్టి పక్క స్లాట్ ఖాళీగా ఉండాలి, ఎస్‌ఎంపీఎస్‌కు తగలకూడదు. ఇలాంటి వాటిలో ఎస్‌ఎంపీఎస్ ఆకారం, బోర్డు కనెక్టర్ రెండూ ఆ కంపెనీకే ప్రత్యేకంగా ఉంటాయి, బజారు ఎస్‌ఎంపీఎస్ పట్టదు. పెద్ద కార్డు ఆశ వదులుకోవాల్సిందే.

ప్రశ్న: కొన్ని కొత్త ఆటలు నెమ్మదిగా నడవడం కాదు, అసలు తెరుచుకోవడమే లేదు. కార్డు జీటీఎక్స్ 1080 టీఐ, 11 జీబీ. శక్తి తక్కువేం కాదు కదా?

జవాబు: శక్తి సమస్య కాదు. ‘ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్’ (2024), ‘డూమ్: ది డార్క్ ఏజెస్’ (2025) లాంటివి రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల దారిని లెక్కించి బొమ్మ గీయడం) హార్డ్‌వేర్ లేని కార్డు మీద నడవవు. జీటీఎక్స్ 10 సిరీస్‌లో అది లేదు, ఎంత వీర్యామ్ ఉన్నా ఇంతే. ఎన్‌విడియాలో ఆర్‌టీఎక్స్ 20 నుంచి, ఏఎండీలో ఆర్‌ఎక్స్ 6000 నుంచి ఉంటుంది.

కార్డు కొత్తదైనా ఆట తెరుచుకోగానే మాయమవుతోందంటే ప్రాసెసర్ చూడండి. ఇంటెల్ మూడో తరం, అంతకు ముందు వాటికి ఏవీఎక్స్2 అనే లెక్కల ఆదేశాలు లేవు. అవి అడిగే ఆటలు మాటా పలుకూ లేకుండా మూసుకుపోతాయి.

మూడోది సెక్యూర్ బూట్, ఆమోదించిన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే సెట్టింగ్. ‘బ్యాటిల్‌ఫీల్డ్ 6’ (2025) లాంటి ఆన్‌లైన్ ఆటలు అది ఆన్‌లో లేకపోతే లోపలికి రానివ్వవు. విండోస్ సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బయోస్ మోడ్ ‘లెగసీ’ అని ఉంటే బయోస్‌లోకి వెళ్లి సీఎస్‌ఎం (పాత పద్ధతి బూట్ సదుపాయం) వెంటనే ఆపేయకండి, విండోస్ బూట్ కాదు. ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరే చోట దాచి, విండోస్‌తోనే వచ్చే ఎంబీఆర్2జీపీటీ టూల్‌ను మొదట వాలిడేట్ ఆప్షన్‌తో, అది సరే అన్నాక కన్వర్ట్‌తో నడపండి. డిస్క్ జీపీటీకి (కొత్త విభజన పద్ధతికి) మారాక సీఎస్‌ఎం ఆపి, సెక్యూర్ బూట్ ఆన్ చేయండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. 11కు అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం లేదా రైజెన్ 2000, టీపీఎం 2.0 కావాలి. బోర్డు కొనే ఆలోచన ఉన్నవాళ్లు ఇది కూడా లెక్కలో వేసుకోండి.

ప్రశ్న: కార్డు కొనకుండా ఫ్రేమ్ జనరేషన్‌తో 25 ఎఫ్‌పీఎస్‌ను 50 చేసుకోవచ్చు అంటున్నారు. నిజమేనా?

జవాబు: అసలు ఫ్రేమ్‌ల మధ్య కృత్రిమ ఫ్రేమ్‌లు చేర్చేదే ఫ్రేమ్ జనరేషన్. దాంతో అంకె 50 అవుతుంది. మౌస్ కదిపితే స్పందన 25 లాగే, ఇంకొంచెం బరువుగానే ఉంటుంది. మధ్యలో చేర్చిన ఫ్రేమ్‌లు కంటికే, చేతికి కాదు. అసలు ఎఫ్‌పీఎస్ 50, 60 ఉన్నప్పుడే అది పనికొస్తుంది. పైగా వీర్యామ్ ఇంకాస్త తింటుంది. 4 జీబీ కార్డులో అదే పెద్ద దెబ్బ. దానికంటే అప్‌స్కేలింగ్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేయడం) నయం: ఆర్‌టీఎక్స్ ఉంటే డీఎల్‌ఎస్‌ఎస్, లేకపోతే ఆటలో ఉన్న ఎఫ్‌ఎస్‌ఆర్ లేదా ఎక్స్‌ఈఎస్‌ఎస్, క్వాలిటీ మోడ్‌లో. అడ్డు ప్రాసెసర్ దగ్గర ఉంటే మాత్రం అప్‌స్కేలింగ్ కూడా ఎఫ్‌పీఎస్ పెంచలేదు. షాడోస్, జనసమూహం, దూరపు వస్తువుల సెట్టింగ్స్ దించి చూడండి, ప్రాసెసర్ మీద భారం వేసేవి ఎక్కువగా అవే.

ప్రశ్న: గేమింగ్ ల్యాప్‌టాప్, జీటీఎక్స్ 1650. మొదటి ఇరవై నిమిషాలు బాగుండి తర్వాత ఎఫ్‌పీఎస్ సగానికి పడిపోతోంది. కార్డు మార్చగలమా?

జవాబు: మార్చలేం, బోర్డుకే అతికించి ఉంటుంది. మీది వేడి సమస్య. ఆఫ్టర్‌బర్నర్‌లో ఉష్ణోగ్రత, క్లాక్ వేగం పక్కపక్కన చూడండి. ప్రాసెసర్ 95 డిగ్రీలు దాటిన క్షణంలోనే క్లాక్ పడిపోతుంటే అదే కారణం. అడుగు మూత తీసి, ఫ్యాన్ రెక్కలకూ రాగి పైపుల చివర జాలీకీ మధ్య పేరుకున్న దుమ్ము పొరను తీయండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి. కొన్నేళ్లు వాడినదైతే పేస్ట్ కూడా మార్చాలి. మెమరీ చిప్‌ల మీద ఉండే మెత్తటి థర్మల్ ప్యాడ్‌లు చిరగకుండా చూడండి, చిరిగితే అదే మందం కొత్తవి వేయాలి, పేస్ట్‌తో పూడ్చకూడదు. ర్యామ్ ఒకే స్టిక్ ఉంటే రెండోది వేయడం ఒక్కటే మీకున్న మరో మార్గం.

ప్రశ్న: కొత్త కార్డు, 144 హెర్ట్జ్ మానిటర్ తెచ్చాను. ఏమీ తేడా లేదు!

జవాబు: మానిటర్ తీగ మదర్‌బోర్డుకు పెట్టి ఉంటుంది. కార్డుకు పెట్టండి. తర్వాత విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్ 60 నుంచి 144కు మార్చండి, చాలాసార్లు దానంతట అది మారదు. పాత కార్డు వేరే కంపెనీదైతే దాని డ్రైవర్‌ను సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే టూల్‌తో తుడిచేసి కొత్తది వేయండి.